పారవేసే ముందు ఒక్క మాట

గత ఏడాది కొన్నాళ్ళు న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. పక్కింటి పెద్దాయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. ఒక సాయంత్రం ఆయన తన బాల్యం గురించి చెబుతుంటే మా అబ్బాయి నాకు తెలుగులో వినిపించాడు.

1952లో ఆయనకు పదేళ్ళు. ఐదు సెంట్లు పెడితే టాప్స్ కంపెనీ బబుల్‌గమ్ పొట్లం వచ్చేది. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులుండేవి. పిల్లలు గమ్ కన్నా కార్డుల కోసమే కొనేవారు. ఒకే కార్డు రెండుసార్లు వస్తే స్నేహితులతో మార్చుకొనేవారు. అదీ కుదరకపోతే సైకిలు చక్రానికి తగిలేలా క్లిప్పుతో బిగించి, మోటారు శబ్దం వస్తుంటే మురిసిపోయేవారు. ఆయన బూట్ల పెట్టె నిండా కార్డులు దాచుకున్నారు. సైన్యంలో పనిచేసి తిరిగివచ్చేసరికి ఆ పెట్టె లేదు. ఇల్లు సర్దుతూ తల్లి పారవేసింది.

ఆ తరం అమెరికన్లలో ఎందరో ఇదే సంగతి చెబుతారట. కంపెనీ సైతం అమ్ముడుపోని 1952 నాటి కార్డులను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పడవేయించిందని, వాటిని రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అలా అరుదైపోయిన వాటిలో మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడైంది. పాత కార్డుల ధరలు చూసి 1980లలో చాలామంది కొత్త పొట్లాలను విప్పకుండా దాచారు. కంపెనీలూ విపరీతంగా అచ్చువేశాయి. అందరి ఇళ్ళలోనూ ఉన్నందున నేడు వాటిలో అధికభాగానికి ధరే లేదు.

“మీ పెట్టె ఉండి ఉంటే ఎంత ధర పలికేదో!” అన్నాను. “ధర మాట అలా ఉంచండి. ఎందుకు పారవేశావని అమ్మను అడగలేకపోయాను. ఇప్పుడు ఆమె లేదు” అన్నారాయన.

ఆ మాట నన్ను తాకింది. మా అబ్బాయి హాస్టలులో చదివే రోజుల్లో, రంజాన్‌కు ముందు ఇల్లు శుభ్రపరుస్తూ వాడి బిస్కెట్ల డబ్బాను పాత పేపర్లవాడికి ఇచ్చేశాను. అందులో బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులున్నాయి. సెలవులకు వచ్చి రెండు రోజులు వెతికాడు. మూడోరోజు వెతకడం మానేశాడు. నేనూ ఏమీ చెప్పలేదు.

ఆ రాత్రి చెప్పాను. “తెలుసు అమ్మీ. కార్డులు పోయినందుకు కాదు, నన్ను ఒక్కమాట అడగలేదే అని బాధపడ్డాను” అన్నాడు. నా వద్ద క్షమాపణ తప్ప మరో జవాబు లేదు.

సోదరీమణులారా! పిల్లలు మన ఇంట దాచుకున్నది మన దగ్గర ఉంచిన అమానతు. మనకది చెత్తగా కనిపించవచ్చు. అయినా దాన్ని పారవేసే ముందు వారిని అడుగుదాం. మనవడి మంచం కింద ఇప్పుడొక రాళ్ళ డబ్బా ఉంది. నేను చీపురు పట్టుకున్నప్పుడల్లా వాణ్ణి పిలుస్తాను. వాడే డబ్బా జరుపుతాడు, నేను ఊడుస్తాను.