నోటిఫికేషన్‌లో లేని అర్హత

ఉద్యోగ ప్రకటన రాగానే మొదట చూసేది అర్హతలే. డిగ్రీ ఏది, వయసు ఎంత, ఏ తేదీ నాటికి లెక్కిస్తారు... ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువుతాం. అయితే ఏ ప్రకటనలోనూ కనిపించని ఒక అర్హతను మన చుట్టూ ఉన్నవాళ్లు రోజూ గుర్తు చేస్తుంటారు. పండక్కి ఊరెళ్తే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని 'ఇదేంటే, ఇంత ఒళ్లు చేశావు?' అంటుంది. హాస్టల్ మెస్‌లో రెండోసారి అన్నం పెట్టించుకుంటే పక్క టేబుల్‌వాళ్లు ముసిముసిగా నవ్వుతారు. మాక్ ఇంటర్వ్యూ చేసిన సారు జవాబుల గురించి రెండు ముక్కలు చెప్పి, చివర్లో 'కాస్త బరువు తగ్గమ్మా, ప్రెజెంటబుల్‌గా ఉండాలి కదా' అంటారు. ఇక నిరుద్యోగిగా ఏడాది గడిచిందంటే తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: 'ఉద్యోగం రాలేదు గానీ ఒళ్లు మాత్రం బాగా వచ్చింది.'

అన్నవాళ్లు నవ్వేసి మర్చిపోతారు. విన్నవాళ్లు ఆ రాత్రి ఏం చేస్తారో వాళ్లకు తెలియదు. చాలామంది గది తలుపేసుకుని మామూలు కంటే ఎక్కువ తింటారు. అతిగా తినే అలవాటును సిగ్గుపెట్టి మాన్పించొచ్చని మన సమాజం గట్టిగా నమ్ముతోంది. ఆ నమ్మకం తప్పు. సిగ్గు ఆ అలవాటుకు ఎరువు మాత్రమే అవుతుంది.

పగలంతా పస్తు, రాత్రికి విందు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కో, అవనిగడ్డలో డీఎస్సీకో, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవాళ్ల దినచర్య ఒకసారి చూడండి. రాత్రి రెండింటి దాకా చదువు. పొద్దున్నే క్లాసు కాబట్టి టిఫిన్ ఉండదు. పదకొండింటికి ఒక టీ, రెండు బిస్కెట్లు. డబ్బులు మిగులుతాయని కొందరు మధ్యాహ్నం 5 రూపాయల భోజనం క్యూలో నిలబడతారు. అది అయిపోతే సమోసాతో సరిపెట్టుకుంటారు. సాయంత్రం ఆకలేసినా, లేస్తే లైబ్రరీలో కుర్చీ పోతుందని లేవరు. పగలంతా ఇలా కడుపు మాడ్చుకున్నవాళ్లు రాత్రి పదింటికి గదికొస్తారు. అప్పుడు ఎదురుగా ఏముంటే అది, ఎంతుంటే అంత. మ్యాగీ, మిర్చి బజ్జీ, ఆఫర్‌లో వచ్చిన బిర్యానీ, ఇంటి నుంచి అమ్మ పంపిన జంతికల డబ్బా.

దీనికి ఫలితాల దెబ్బ తోడవుతుంది. కటాఫ్‌కు అర మార్కు తగ్గిన రోజు, క్యాంపస్ డ్రైవ్‌లో తన పేరు పిలవని రోజు, ఆఫర్ ఇచ్చిన కంపెనీ జాయినింగ్ తేదీని మళ్లీ వాయిదా వేసిన రోజు... ఆ బాధ ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోలేరు. ఫీజు కట్టింది వాళ్లే కదా! తిండి మాత్రం ఎదురు ప్రశ్న వేయదు. తక్కువ ఖర్చులో, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దొరికే ఓదార్పు అదొక్కటే. తింటున్నంతసేపూ బాగుంటుంది. తర్వాత మనసంతా పాడవుతుంది. 'రేపట్నుంచి అన్నం ముట్టను' అని శపథం చేస్తారు. మర్నాడు మళ్లీ పస్తు. రాత్రికి మళ్లీ అదే కథ.

చూసేవాళ్లు దీనికి 'తిండి యావ' అని పేరు పెట్టేస్తారు. అసలు సంగతి వేరే ఉంది.

శరీరం కక్ష తీర్చుకుంటుంది

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. యుద్ధంలో ఆకలితో చిక్కిపోయినవాళ్లకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దీన్ని చేపట్టాడు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు ఆహారాన్ని దాదాపు సగానికి తగ్గించారు. వాళ్లు చిక్కిపోవడం అందరూ ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి జరిగింది. వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరగడం మొదలైంది. వంటల పుస్తకాలు ముందేసుకుని గంటలు గంటలు చదివినవాళ్లున్నారు. ప్రయోగం ముగిసి కావలసినంత తినే అవకాశం వచ్చాక, కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. కడుపు నిండినా ఇంకా కావాలనిపించేది.

వీళ్లంతా మానసికంగా, శారీరకంగా గట్టివాళ్లని పరీక్షించి మరీ ఎంపిక చేసినవాళ్లు. వాళ్ల పరిస్థితే అలా ఉంటే, పొద్దుట్నుంచీ టీ మీద బతికి రాత్రి పుస్తకం ముందు కూర్చున్న విద్యార్థిని 'నీకు కంట్రోల్ లేదు' అనడంలో న్యాయముందా? దీనికి నిద్రలేమి కూడా తోడవుతుంది. సరిగా నిద్రపోకపోతే ఆకలిని పెంచే హార్మోన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే హార్మోన్ తగ్గుతుంది. అర్ధరాత్రి చేతులు తీపి వైపు, నూనె వైపు వెళ్లడానికి ఇది ఒక కారణం.

కొందరిలో ఇది అలవాటు స్థాయి దాటి రుగ్మతగా మారుతుంది. తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినేయడం, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, ఆకలి లేకున్నా తినడం, ఎవరైనా చూస్తారేమోనని ఒంటరిగా తినడం, తర్వాత తనమీద తనకే అసహ్యం వేయడం... వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలపాటు ఇలాగే జరుగుతుంటే మానసిక వైద్యులు దాన్ని 'బింజ్ ఈటింగ్ డిజార్డర్'గా అనుమానిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని 2013లోనే ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. దీనికి చికిత్స ఉంది. బక్కగా ఉన్నవాళ్లకూ ఇది రావచ్చు. అంటే ఒళ్లు చూసి ఎవరు ఎలా తింటున్నారో చెప్పడం కుదరదు.

ఒక్క అంకెతో మనిషి కొలత

చాలామంది విద్యార్థులు తమను తాము తూచుకునే అంకె బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది అదే. ఈ లెక్కను 1830లలో రూపొందించిన అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాదు, బెల్జియంకు చెందిన గణాంకవేత్త. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడన్నది ఆయన ఆసక్తి. 1972లో దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టింది ఎవరో కాదు, పైన చెప్పుకున్న అన్సెల్ కీసే. వేలమందిని కలిపి అధ్యయనం చేయడానికి అది పనికొచ్చే సాధనం. ఒక మనిషిలో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది అది చెప్పదు.

165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న వ్యక్తి బీఎంఐ దాదాపు 25.7. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ ప్రమాణం ప్రకారం అది 'అధిక బరువు'. మన దేశంలో వైద్యులు పాటించే ప్రమాణం ప్రకారం 'ఊబకాయం'. మనిషి అదే, ఒళ్లూ అదే, పేరు మాత్రం మారింది. అలాగని మన ప్రమాణం అర్థం లేనిదేమీ కాదు. తక్కువ బరువు దగ్గరే భారతీయులకు పొట్ట చుట్టూ కొవ్వు చేరి, మధుమేహం ముప్పు పెరుగుతుంది కాబట్టే గీతను కిందికి జరిపారు. అది డాక్టరు మిగతా పరీక్షలతో కలిపి చూడాల్సిన సంకేతం. ఒకరి క్రమశిక్షణకు, తెలివికి, పనితనానికి వేసే మార్కు కాదు.

ఇంతకీ ఇది కొద్దిమంది సమస్యా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం, పురుషుల్లో దాదాపు 23 శాతం మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది జాతీయ సగటు కంటే ఎక్కువే. వెక్కిరించే పెద్దమ్మ ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు.

శరీరం అవసరమైతే రాసే అడుగుతారు

కొన్ని ఉద్యోగాలకు శారీరక ప్రమాణాలు కావాలి. అందులో తప్పేం లేదు. పోలీసు కానిస్టేబుల్ కావాలంటే పురుషులు 1600 మీటర్లు పరుగెత్తాలి. సైన్యంలో ఎత్తుకు, వయసుకు తగిన బరువుండాలి. ఇవన్నీ నోటిఫికేషన్‌లో అంకెలతో సహా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామకాల్లో మహిళలకు పెట్టిన బరువు నిబంధన ఏమిటో తెలుసా? 40 కిలోలకు తగ్గకూడదని! అలాంటి ఉద్యోగమే మీ లక్ష్యమైతే ఆ ప్రమాణం చూసి సాధన చేయండి. అది సిలబస్ లాంటిదే.

కానీ కోడ్ రాసే ఉద్యోగానికి, బ్యాంకు కౌంటర్‌కు, బడిలో పాఠాలు చెప్పడానికి నడుము కొలత ఎందుకు? నోటిఫికేషన్‌లో లేనిది ఇంటర్వ్యూ గదిలోకి ఎక్కడి నుంచి వచ్చింది? లావుగా ఉన్నవాళ్లు బద్ధకస్తులనే పాత అభిప్రాయం నుంచి వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 1976లోనే ఉద్యోగాల్లో బరువు ఆధారంగా వివక్ష చూపకూడదని చట్టం చేసింది. న్యూయార్క్ నగరం 2023లో ఆ పని చేసింది. మన దగ్గర ప్రైవేటు కంపెనీలను బరువు పేరెత్తి కట్టడి చేసే అలాంటి చట్టం లేదు. 2009లో ఎయిర్ ఇండియా అధిక బరువు కారణం చూపి కొందరు ఎయిర్ హోస్టెస్‌లను ఉద్యోగాల నుంచి తొలగించింది కూడా. కాబట్టి వివక్ష లేదని నటించక్కర్లేదు. ఉంది. అయితే దాన్ని మోయాల్సిన తప్పు మీది కాదు.

ఇక్కడ అసలు నష్టం ఇంకొకటుంది. ఎవరో తిరస్కరించడానికి ముందే మనల్ని మనం తిరస్కరించుకోవడం. బ్లేజర్ పట్టడం లేదని డ్రైవ్‌కు వెళ్లనివాళ్లు, గ్రూప్ డిస్కషన్‌లో అందరి చూపూ తమ పొట్ట మీదే ఉందనుకుని నోరు విప్పనివాళ్లు, 'పది కిలోలు తగ్గాక అప్లై చేస్తా' అని ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. బరువు ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేం. దరఖాస్తు గడువు మాత్రం ఆగదు.

మరి ఆరోగ్యం?

'మంచి కోరే కదా చెబుతున్నాం, బరువు ఎక్కువైతే షుగర్, బీపీ రావా?' అని పెద్దలు అడగొచ్చు. ముప్పు ఉన్న మాట నిజమే. కానీ వెక్కిరింపు ఆ ముప్పును తగ్గించదు. వివిధ దేశాల నిపుణులు 2020లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ఇచ్చిన ఉమ్మడి ప్రకటనలో ఇదే చెప్పారు. బరువు చూసి చిన్నచూపు చూడటం వల్ల శరీరానికీ మనసుకూ హాని జరుగుతుందని, అలాంటి అవమానం ఎదురైనవాళ్లు వైద్యానికి దూరమవుతారని హెచ్చరించారు. పైగా బరువు పెరగడానికి థైరాయిడ్ లోపం, పీసీఓఎస్, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు. మంచి కోరేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: 'టైముకు తింటున్నావా? రాత్రి నిద్ర పడుతోందా? డబ్బులు సరిపోతున్నాయా?' ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి, పిల్లలు ఎలా మనసు విప్పుతారో!

మీ చేతిలో ఉన్నవి

• పొద్దున తినండి. రెండు ఇడ్లీలైనా, ఉడికించిన గుడ్డయినా, అరటిపండయినా సరే. రాత్రి అతిగా తినడాన్ని ఆపే పని పొద్దుటి నుంచే మొదలవుతుంది.

• నిన్న రాత్రి ఎక్కువ తిన్నానని ఇవాళ పస్తుండొద్దు. మామూలు భోజనం మామూలుగా చేయండి. ఆ గొలుసు తెగేది అక్కడే.

• ఎక్కువగా తినే రోజుల్ని గమనించండి. ఏ వేళ, ఏం జరిగాక అలా అనిపించిందో నాలుగు ముక్కలు రాసుకోండి. కేలరీలు లెక్కపెట్టాల్సిన పని లేదు. కారణం దొరికితే చాలు.

• ఇంటర్వ్యూ బట్టలు ఇప్పటి కొలతకే కుట్టించుకోండి. బిగుతు చొక్కాలో కూర్చుంటే ధ్యాసంతా గుండీల మీదే ఉంటుంది.

• రెజ్యూమెలో ఫొటో అడగకపోతే పెట్టొద్దు. బరువు గురించి ఎవరైనా అడిగితే, 'ఈ పోస్టుకు శారీరక ప్రమాణాలు ఏవైనా ఉన్నాయా సర్?' అని మర్యాదగా అడగండి. లేవంటే మీ పని గురించి మాట్లాడండి.

• తినడం మీ అదుపులో లేదనిపిస్తే, తిన్నదాన్ని బయటికి పంపేయాలనిపిస్తే, బతకాలనే ఆశ సన్నగిల్లితే ఆలస్యం చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బోధనాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాల్లోనూ చూస్తారు.

కాలేజీలకూ ఒక మాట. గ్రూమింగ్ క్లాసులో ఉతికిన బట్టలు, దువ్విన తల, తడబడని మాట నేర్పండి. విద్యార్థి ఒంటి మీద వ్యాఖ్యానం ఏ సబ్జెక్టూ కాదు. ప్లేస్‌మెంట్ డ్రైవ్ జరిగే రోజు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పిల్లల్ని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి మధ్యలో తిండి ఊసెత్తని కాలేజీలున్నాయి. బరువు గురించి సలహాలు ఇచ్చేముందు ఆ రోజు మధ్యాహ్నం అందరికీ ఒక పూట భోజనం పెట్టించండి. దానివల్ల ఇంటర్వ్యూలూ బాగుంటాయి, రాత్రులూ బాగుంటాయి.