ఉదయగిరి చెంచా జేబులోకి రావాలి

ఒంటిమీద ఉన్న పనిముట్టే వేళకు అక్కరకు వస్తుంది. ఇంట్లో ఎంత మంచి సరంజామా ఉన్నా, పొలం గట్టున కాలికి తుమ్మముల్లు దిగినప్పుడు దానితో ప్రయోజనం లేదు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల పెద్దలకు ఈ మాట ఒకరు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. వారి మొలతాడుకు ముల్లు లాగే చిమటా, చెవి గుబిలి తీసే పుల్ల వేలాడుతూ ఉండేవి. రొంటిన వక్కాకు సంచి, అందులో అడకత్తెర, సున్నపుకాయ ఉండేవి. గొర్రెల కాపరి దగ్గర చెకుముకి రాయి, ఉక్కుముక్క, కాస్త దూది ఉంటే అడవిలోనైనా నిప్పు పుట్టేది. ఇల్లాలి బొడ్డున తాళాల గుత్తి, గాజులకో తాళిబొట్టు తాడుకో రెండు పిన్నీసులు ఉండేవి. ఆ పిన్నీసులు మాత్రం నేటికీ అక్కడే ఉన్నాయి.

మిగిలినవి ఒక్కొక్కటే ఒంటిని విడిచి వెళ్లాయి. అగ్గిపెట్టె వచ్చి చెకుముకిని తరిమింది. చొక్కాకు జేబు వచ్చాక రొంటి సంచి పోయింది. సెల్ ఫోను వచ్చిన తరువాత ఇక చేతిలో ఏమీ అక్కర లేదన్న భావం బలపడింది. ఫోను గడియారం అయింది, డబ్బుసంచి అయింది, దీపం కూడా అయింది. కాని ఫోను ముల్లు తీయదు, ముడి విప్పదు, మూత తెరవదు. చార్జి అయిపోయిన రాత్రి దీపమూ కాదు.

దీపం సంగతి తేలికగా తీసుకోదగినది కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలను లెక్కగట్టిన అధ్యయనం 2020లో వెలువడింది. సగటున ఏడాదికి 58 వేల మంది పాముకాటుకు బలి అయ్యారని ఆ అధ్యయనం అంచనా. ఎక్కువ బాధ పడిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి పోయే రైతు జేబులో వేలెడంత టార్చిలైటు ఉండటం విలాసం కాదు. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. జేబులో చాకు ఉంది కదా అని కాటు వేసిన చోట కోయరాదు, తాడు బిగించి కట్టరాదు. ఆ మనిషిని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చడమే చేయవలసిన పని. గుబిలిపుల్ల విషయం కూడా అంతే. చెవిలో ఏ పుల్లా పెట్టవద్దని వైద్యులు చెబుతున్నారు కనుక అది తిరిగి రాకపోయినా నష్టం లేదు. పాతదల్లా మంచిది కాదు, పనికి వచ్చేదే మంచిది.

అద్దాల బీరువా దాకా వెళ్లి ఆగింది

ఈ చిన్న పనిముట్ల ప్రస్తావన ఉదయగిరికి మరింత చేరువైనది. కృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇక్కడిది. ఆ కొండ కింది ఊరికి దేశంలో పేరు తెచ్చిన రెండవ వస్తువు కొయ్య చెంచా. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ మహిళలు, ఈ పనిని నిలబెట్టుకుంటూ వచ్చారు. నర్ది, బిక్కి, దేవదారి, పాలబరిక వంటి అడవి కొయ్యను తెచ్చి, ముక్కలు కోసి, చెక్కి, ఆకురాయితో రాచి, గరుకు కాగితంతో నునుపు చేసి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు తయారు చేస్తారు. పిడి మీద చెక్కే లతలు, జాలీ పని చూపరులను ఆకట్టుకుంటాయి. ఉదయగిరి కొయ్య సామానుకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ నడిపే లేపాక్షి దుకాణాలలో ఈ సరుకు కనిపిస్తుంది.

ఇంత పేరు వచ్చినా వచ్చిన చిక్కు ఏమిటంటే, ఈ చెంచా ఇంటింటి వాడుకలోకి రాలేదు. నగరంలో ఒకరు కొంటారు. బహుమతిగా మరొకరికి ఇస్తారు. పుచ్చుకున్నవారు అద్దాల బీరువాలో పెడతారు. బీరువాలో ఉన్న చెంచా అరగదు, విరగదు, పోదు. కనుక రెండవ చెంచా కొనే అవసరమే రాదు. వాడుకలో ఉన్న వస్తువు అరుగుతుంది, అరిగితే మళ్లీ కొంటారు. కమ్మరికి, కుమ్మరికి అన్నం పెట్టింది ఈ అరుగుదలే. అలంకారానికి పెట్టుకునే వస్తువు చేసేవాడికి గౌరవం దక్కుతుంది కాని ఏడాది పొడుగునా పని దక్కదు.

ఈబాక్ చెప్పే పాఠం

జేబులో పట్టే పనిముట్టు ఒక కొండ ప్రాంతాన్ని ఎలా నిలబెట్టగలదో తెలుసుకోవాలంటే స్విట్జర్లాండు ఉదాహరణ ఉంది. అక్కడి ష్విజ్ ప్రాంతం ఒకప్పుడు పేద ప్రాంతం. పనులు లేక జనం పరదేశాలకు వలస పోయేవారు. ఉదయగిరి మెట్ట నుంచి బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలకు కూలి కోసం పోయే కుటుంబాలకు ఈ పరిస్థితి వివరించవలసిన పని లేదు. కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల పనివాడు 1884లో ఈబాక్ గ్రామంలో చిన్న కార్ఖానా పెట్టాడు. ఊరివారికి ఊళ్లోనే పని చూపాలన్నది అతని సంకల్పం. మరికొందరు పనివారిని కూడగట్టి 1891లో స్విస్ సైన్యానికి మడతచాకులు సరఫరా చేయడం మొదలుపెట్టాడు. ఆ చాకుల పిడి కొయ్యదే కావడం గమనార్హం.

అయితే ప్రభుత్వ ఆర్డరు వచ్చినంత మాత్రాన కథ సుఖాంతం కాలేదు. జర్మనీలోని జోలింగెన్ కార్ఖానాలు అదే చాకును తక్కువ ధరకు చేయగలిగాయి. కూడి వచ్చినవారు విడిపోయారు. ఎల్సెనర్ అప్పుల పాలయ్యాడు. అప్పుడతడు చౌక సరుకుతో పోటీ పడకుండా, మరింత తేలికగా, మరిన్ని పనులకు పనికివచ్చే కొత్త చాకును రూపొందించి 1897 జూన్ 12న దాని నమూనాను రిజిస్టరు చేయించాడు. దానిని ఆఫీసర్ల చాకు అన్నారు. సైన్యం దానిని సిపాయిలకు పంచిపెట్టలేదు. ఆఫీసర్లే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. తల్లి విక్టోరియా పేరు 1909లో సరుకు గుర్తు అయింది. తుప్పు పట్టని ఉక్కు వచ్చాక 1921లో 'ఇనాక్స్' అన్న మాట దానికి చేరి విక్టోరినాక్స్ అయింది. ఆ కార్ఖానా నేటికీ ఈబాక్ లోనే నడుస్తున్నది.

చాకు వేరు, చెంచా వేరు. యంత్రం పని వేరు, చేతిపని వేరు. అయినా పాఠం ఒక్కటే. సర్కారు ఆర్డరు తొలి మెట్టు మాత్రమే. జేబులో పెట్టుకుని తిరిగే మామూలు మనిషి కొన్నప్పుడే పనివాడు నిలబడతాడు.

చేతితో తినేవారికి చెంచా దేనికి?

ఈ ప్రశ్న సహజమైనదే. అన్నం చేత్తో కలుపుకొని తినేవారికి చెంచా అవసరం లేదు, ఆ అలవాటు మానుకోవలసిన పని కూడా లేదు. కాని ఇంటి వంట వేరు, దారి తిండి వేరు. ఆత్మకూరు బస్టాండులో దిగి మరో బస్సు కోసం నిలబడినవారు, అనుమసముద్రంపేట దర్గాకు వచ్చిన యాత్రికులు, పెంచలకోనకు పిల్లలతో బయలుదేరిన కుటుంబాలు చేతులు కడుక్కోవడానికి నీరు దొరకని చోట ఎన్నోసార్లు తినవలసి వస్తుంది. ఉప్మా అయినా, పెరుగన్నం పొట్లమైనా, కోసిన బొప్పాయి ముక్కలైనా అప్పుడు చెంచా వెతుక్కోక తప్పదు. చంటిబిడ్డకు రెండు ముద్దలు పెట్టాలన్నా అంతే.

దుకాణదారు ఇన్నాళ్లూ ప్లాస్టిక్ చెంచా ఇచ్చేవాడు. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, కత్తులు, పుల్లలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. నిషేధం అమలు ఎలా ఉన్నదో వీధి మురుగు కాలువలను చూసినవారికి చెప్పనవసరం లేదు. చట్టం ఉన్నా చెంచా లేకపోతే జనం పాత దారినే పోతారు. ఎవరి చెంచా వారి జేబులో ఉంటే నిషేధం అమలుకు తనిఖీ అధికారి కూడా అక్కరలేదు. జపానులో పారవేసే పుల్లలు వద్దనుకున్నవారు తమ పుల్లల జతను చిన్న పెట్టెలో పెట్టుకొని హోటలుకు వెళ్లే అలవాటు చేసుకున్నారు. అది నామోషీ అని అక్కడ ఎవరూ అనుకోలేదు.

స్టీలు చెంచా ఉండగా కొయ్యది దేనికన్న వాదం కూడా ఉంది. స్టీలు చెంచా గట్టిది, చవకైనది, దానికి వంక పెట్టవలసిన పని లేదు. అయితే కొయ్య చెంచా తేలిక. వేడి పదార్థంలో ముంచినా పెదవి కాలదు. సంచిలో గలగలమనదు. వీటికి మించి, దాని కోసం ఇచ్చిన రూపాయి ఉదయగిరి వీధిలోనే తిరుగుతుంది.

జేబుకు తగిన తీరు

ఇప్పుడు తయారవుతున్న చెంచా చాలావరకు బల్లమీదకు తగిన పొడవు గలది. జేబు సరుకుకు తీరు మారాలి. పిడి పొట్టిగా, మెడ బలంగా ఉండాలి. కొయ్య నార పిడి పొడవునా సాగాలి, అడ్డంగా పడితే మొదటి వారంలోనే విరుగుతుంది. జాలీ పని జేబులో నిలవదు, మురికి పట్టుతుంది. పిడి చివర చిన్న బెజ్జం ఉంటే తాళాల గుత్తికో, బడి సంచికో తగిలించవచ్చు. దానితోపాటు గుడ్డతో కుట్టిన చిన్న గలీబు ఇస్తే శుభ్రత ఉంటుంది, కుట్టుపని చేసే మరో ఇంటికి కూలి దొరుకుతుంది.

చెంచాతో ఆగవలసిన అవసరం లేదు. పల్లెల్లో కుర్రవాడి జేబులో ఫోను లేకపోయినా దువ్వెన ఉంటుంది. ప్లాస్టిక్ దువ్వెన స్థానంలో కొయ్య దువ్వెన వస్తే చలికాలంలో వెంట్రుకలు చిటపటలాడి లేచి నిలబడవు. చెంచా చెక్కిన చేతికి దువ్వెన పళ్లు కోయడం అసాధ్యం కాదు. ఉత్తరాలు తెరిచే కొయ్య కత్తి, తాళాల గుత్తికి బిళ్ల, చిమటాకు కొయ్య ఒర వంటివి కూడా ఆలోచించదగినవి. విమానం ఎక్కేవారి చేతిసంచిలో చాకు కనిపిస్తే తీసివేస్తారు, కొయ్య చెంచాకు ఆ బెడద లేదు.

కొనేవారికి కూడా ఒక బాధ్యత ఉంది. కొయ్య చెంచాను నీళ్లలో నానబెట్టరాదు. తిన్న వెంటనే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టాలి. అప్పుడప్పుడు రెండు చుక్కల నువ్వులనూనె రాస్తే పగలదు. ఈ నాలుగు మాటలు తెలుగులో అచ్చువేసి ప్రతి చెంచాతోనూ ఇవ్వాలి.

చెట్టు ఉంటేనే చెంచా

అన్నిటికంటే ముఖ్యమైన విషయం కొయ్య. ఈ చెట్లు వెలిగొండల వంటి మెట్ట అడవులలో పెరిగేవి, తొందరగా ఎదిగేవి కావు. గిరాకీ పెరిగి అడవి తరిగితే చేతిపని తన కొమ్మను తానే నరుక్కున్నట్లవుతుంది. ఇక్కడ కూడా చిన్న సరుకే మేలు. పెద్ద పళ్లేనికి మాను కావాలి, జేబు చెంచాకు కొమ్మ చాలు. పెద్ద సామాను కోసినప్పుడు మిగిలే ముక్క పొయ్యిలోకి పోకుండా తాళపు బిళ్ల కాగలదు. అటవీ శాఖ ఈ నాలుగైదు జాతుల మొక్కలను పెంచి, కొంత బంజరులో నాటించి, కొయ్యను న్యాయమైన ధరకు చేతిపనివారికి అందించే ఏర్పాటు చేస్తే అడవికీ మంచిది, పనివారికీ మంచిది.

భౌగోళిక గుర్తింపు గురించి కూడా అపోహ తొలగవలసి ఉంది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, కొనేవారిని తెచ్చిపెట్టదు. దాని గడువు పదేళ్లు, మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. ఆ పేరు వాడుకొనే హక్కు గల ఉత్పత్తిదారుగా ప్రతి పనివాడూ, పనిచేసే ప్రతి మహిళా నమోదు కావడం అవసరం. లేనిపక్షంలో కష్టం ఒకరిది, పేరు మరొకరిది అవుతుంది.

జిల్లా అధికారులు చేయదగినది ఒకటి ఉంది. సభలలో అతిథులకు శాలువా కప్పి, పటం కట్టిన బొమ్మ ఇచ్చే బదులు ఒక జేబు చెంచా ఇవ్వవచ్చు. సంక్షేమ వసతి గృహాల పిల్లలకు ఏడాదికొక దువ్వెన ఇవ్వవచ్చు. అది తొలి మెట్టుగా ఉపయోగపడుతుంది. ఆ పై మెట్లు ఎక్కించవలసింది మాత్రం ఉదయగిరి, ఆత్మకూరు ప్రజలే. నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉదయగిరి చెంచాను మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. ఉదయగిరి బస్సు ఎక్కేవాడి జేబులో అది కనిపించిన నాడు ఆ వీధిలో ఉలి చప్పుడు ఆగిపోతుందన్న బెంగ ఉండదు.