బెండులోంచి తీపి తీసే ఈస్ట్

మొక్కజొన్న నూర్పిడి రోజున కల్లంలో యంత్రం ఒకవైపు గింజలు కుమ్మరిస్తుంటే మరోవైపు బెండ్లు గుట్టపడతాయి. గింజలు బస్తాలకెక్కి మార్కెట్ యార్డుకు పోతాయి. బెండ్లలో కొన్ని పొయ్యిలోకి చేరతాయి, మిగిలినవి గట్టుమీదే బూడిదవుతాయి. ఆ బెండు బరువులో దాదాపు మూడో వంతు హెమీసెల్యులోజ్. దాన్ని పలుచని ఆమ్లంతో ఉడికిస్తే జైలోజ్ అనే చక్కెర, దాన్నుంచి జైలిటాల్ వస్తాయి. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ నమలగానే నాలుకకు చల్లగా తగిలే తీపి చాలావరకు ఇలాంటిదే. జైలిటాల్ పంచదారంత తియ్యగా ఉన్నా, గ్రాముకు 4 కేలరీలకు బదులు 2.4 కేలరీలే ఇస్తుంది. ఇలాంటివాటిని షుగర్ ఆల్కహాల్స్ అంటారు. పేరులోనే ఆల్కహాల్ ఉంది తప్ప, మత్తు లేదు.

జైలిటాల్‌ను పరిశ్రమ స్థాయిలో తొలుత తయారుచేసింది ఫిన్లాండ్. 1970లలో బిర్చ్ చెక్కనుంచి తీసింది. ఇప్పుడు మార్కెట్‌ను ఏలుతున్నది మొక్కజొన్న బెండ్లు వాడే చైనా. రెండుచోట్లా పద్ధతి ఒకటే: జైలోజ్‌ను మచ్చలేకుండా శుద్ధిచేసి, అధిక పీడనంలో, నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ ఎక్కించడం. అందుకు ఖరీదైన యంత్రాలు, కట్టుదిట్టమైన భద్రత కావాలి.

ఈస్ట్ అదే పనిని 30 డిగ్రీల వేడిలో, మామూలు పీడనంలో చేస్తుంది. కల్లును పులియబెట్టే ఈస్ట్‌కు జైలోజ్ పట్టదు. కాండిడా ట్రోపికాలిస్ వంటి జాతులకు పడుతుంది. వీటితో పని రాబట్టే కిటుకంతా గాలిలో ఉంది. గాలి ధారాళంగా అందితే ఈస్ట్ జైలోజ్‌ను పూర్తిగా తినేసి తన సంతతిని పెంచుకుంటుంది. అసలు అందకపోతే నీరసిస్తుంది. కొద్దికొద్దిగా అందిస్తే జైలోజ్‌ను జైలిటాల్‌గా మార్చి, ఆపై అడుగు వేయలేక బయటికి వదిలేస్తుంది. గువాహటి ఐఐటీ పరిశోధకులు చెరకు పిప్పితో ఇదే చేస్తూ అల్ట్రాసౌండ్ తరంగాలు తోడు చేశారు. 48 గంటల పని 15 గంటల్లో ముగిసింది. కిలో పిప్పికి 170 గ్రాముల జైలిటాల్ దక్కింది.

మరి ఫ్యాక్టరీలు ఎందుకు రావడం లేదు? లోపం ఈస్ట్ పనితనానిది కాదు. ఉడికించిన ద్రావణంలో ఫర్ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం లాంటివి చేరి ఈస్ట్‌ను కుంగదీస్తాయి. వాటిని తొలగించాలి. పులిసిన నీళ్లలోంచి తీపిని వేరుచేసి స్ఫటికాలుగా మార్చాలి. ఖర్చంతా అక్కడే. పైగా కాండిడా ట్రోపికాలిస్ రోగనిరోధక శక్తి తగ్గినవారికి జబ్బు తెచ్చే జాతి. కాబట్టి ఆహార తయారీలో వాడాలంటే భద్రతను రుజువు చేయాల్సిందే. ఈ చిక్కులు పరిశోధన పత్రాలతో తీరవు. టన్నుల లెక్కన చేసి చూస్తేనే తీరతాయి.

ఈస్ట్‌తో వ్యాపారం నడవదన్న సందేహం అక్కర్లేదు. మరో షుగర్ ఆల్కహాల్ ఎరిత్రిటాల్‌ను పరిశ్రమ తయారుచేస్తున్నది ఈస్ట్‌తోనే. అయితే దానికి పిండి పదార్థంలోని గ్లూకోజ్ కావాలి, అంటే గింజే కావాలి. ఆ గింజకోసం ఇప్పటికే కోళ్ల దాణా, ఇథనాల్ పోటీపడుతున్నాయి. చెరకు పిప్పి సంగతి వేరే. అది మిల్లు బాయిలర్‌కు ఇంధనం, దాన్ని లాక్కుంటే కరెంటు పోతుంది. గట్టుమీద కాలిపోయే బెండుకు అలాంటి పోటీ లేదు. నా దృష్టిలో మన రాష్ట్రాలకు తగిన ముడిసరుకు అదే.

ఆరోగ్యం విషయంలో మాత్రం అతిశయోక్తులు వద్దు. పళ్లు పుచ్చకుండా జైలిటాల్ మేలుచేస్తుందని ఫిన్లాండ్‌లోని టుర్కు అధ్యయనాలు 1975లోనే చూపాయి. కానీ రక్తంలో ఎరిత్రిటాల్, జైలిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ బృందం 2023లో, 2024లో ప్రకటించింది. కారణం ఇదేనని తేలలేదు. తేలేదాకా ‘మధుమేహులకు వరం’ అన్న ప్రకటనలు ఆపాలి. ఎక్కువ తింటే విరేచనాలవుతాయన్న హెచ్చరికను డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో కాక ముందువైపు వేయాలి. కుక్కలకు జైలిటాల్ విషం. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బెండ్లతో ఈ ప్రయోగం చేయగల సంస్థలు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మొక్కజొన్న పండే ఏదో ఒక మండలంలో, మార్కెట్ యార్డు పక్కనే, రోజుకు ఒక టన్ను బెండ్లు ఆడించే ప్రయోగ కేంద్రాన్ని ఈ రెండు సంస్థలతో ప్రభుత్వం పెట్టించాలి. కిలో జైలిటాల్‌కు ఎంత ఖర్చయిందో, బెండుకు రైతుకు ఎంత ధర ఇవ్వగలరో ఏటా లెక్క బయటపెట్టాలి.