వరద చూసిన పిల్లల ప్రశ్న

2024 డిసెంబరు మొదటి రోజులను కృష్ణగిరి జిల్లా పిల్లలు మరిచిపోలేరు. ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊత్తంగరైలో 24 గంటల్లో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన కార్లూ వ్యాన్లూ కొట్టుకుపోయాయి. సముద్రాన్ని చూడని పిల్లలు కూడా తుఫానును చూశారు.

అలాంటి రోజు తర్వాత పిల్లలు అడిగేది ఒకటే: "ఎందుకిలా జరిగింది?" మన ఇళ్ళలోనూ, కొన్నిసార్లు మన సంఘాల్లోనూ "దేవుని శిక్ష" అని చెప్పి ఊరుకుంటాం. ఆ జవాబు భయాన్ని మిగిల్చి, ప్రశ్నను చంపేస్తుంది. వాన మన చేతిలో లేదు, నిజమే. కానీ చెరువు నిండితే అలుగు పారాలి, అలుగు నీళ్ళకు వాగు ఉండాలి. వాగును పూడ్చి దుకాణాలు కడితే నీళ్ళు రోడ్డునే వాగు చేసుకుంటాయి. బొగ్గూ పెట్రోలూ కాల్చి భూమిని వేడెక్కిస్తే గాలిలో తేమ పెరిగి, వానలు కుంభవృష్టిగా కురుస్తాయి. ఈ సంగతి పదేళ్ళ పిల్లలకూ అర్థమవుతుంది.

అర్థమైతే ప్రాణాలు నిలుస్తాయి. 2004 సునామీ రోజున థాయ్‌లాండ్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లండు బాలిక సముద్రం నురగలు కక్కడం చూసి ప్రమాదాన్ని పసిగట్టింది. రెండు వారాల ముందే బడిలో ఆ పాఠం విన్నది. ఆమె హెచ్చరికతో ఆ తీరంలోని జనం తప్పించుకున్నారు.

మన హోసూరు పిల్లలూ నురగను చూస్తున్నారు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, బెంగళూరు మురుగునూ ఫ్యాక్టరీల వ్యర్థాలనూ మోసుకుని కెలవరపల్లి డ్యాంకు చేరుతుంది. గేట్లు ఎత్తితే తెల్లని నురగ గుట్టలుగా లేస్తుంది. ఆ నీళ్ళే పొలాలకు పారతాయి. వరద ఒక్కరోజు వచ్చి భయపెడుతుంది. నురగ మళ్ళీ మళ్ళీ కనిపించి అలవాటైపోతుంది. ఈ అలవాటే ఎక్కువ ప్రమాదమని మేము నమ్ముతున్నాం. మురుగు వదిలేవారు ఒకరు, దాన్ని భరించేది కింది ఊళ్ళ రైతుల, కూలీల పిల్లలు. అందుకే ఇది న్యాయానికి సంబంధించిన విషయం.

యువతీయువకులారా, వాన చప్పుడుకే ఉలిక్కిపడే పిల్లలకు పాఠం కంటే ముందు మన ఒడి కావాలి. వాళ్ళు చూసినదంతా చెప్పనివ్వండి. తర్వాత ఎండాకాలంలో ఒక ఆదివారం సండేస్కూలు పిల్లలను ఊరి చెరువు గట్టుకు తీసుకెళ్ళండి. అలుగు, తూము, కుంట అనే మాటలు తెలిసిన పెద్దలను వెంట పిలవండి. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, ఎటు పోవాలో, ఎక్కడ ఆగిపోయాయో పిల్లలచేత పటం గీయించండి. తమిళనాడులో మార్చి 22న, ప్రపంచ నీటి దినోత్సవాన, గ్రామసభలు జరుగుతాయి. ఆ పటాన్ని అక్కడ చూపి, వాగు దారి తెరవమని అడగండి.

మళ్ళీ వరద వస్తే పిల్లలు మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు. అప్పటికి మనం ఏం చేశామో చెప్పగలగాలి.