పన్నెండు మాటల తాళం

గోల్కొండ నవాబు తానీషాకు మొహరీలు చెల్లించి రామలక్ష్మణులు రసీదు తీసుకున్నారని భద్రాద్రి కథ చెబుతుంది. డబ్బు దగ్గర దేవుడికైనా కాగితం కావాలి. క్రిప్టో వాలెట్‌కు ఆ కాగితం ఇచ్చేవారెవరూ లేరు. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ చేర్చుకుంటే చాలు, వాలెట్ సిద్ధం. 2016లో వచ్చిన మెటామాస్క్ అలాంటిదే. నాణేలు అందులో ఉండవు, బ్లాక్‌చెయిన్ మీదే ఉంటాయి. వాలెట్ దాచేది తాళంచెవిని. దానికి మూలం సాధారణంగా పన్నెండు ఇంగ్లిష్ మాటలు. అవి మరిచిపోతే ఏ మేనేజరూ తిరిగివ్వలేడు. పరాయివాడికి చెబితే సొమ్ము గోదారిపాలే.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకునే వీలు లేదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా కూడా క్రిప్టోకు వర్తించదు. పన్ను వసూలు చేసే సర్కారుకు హెచ్చరించే బాధ్యతా ఉంది. భద్రాద్రి జిల్లాలోని చర్ల, దుమ్ముగూడెం సంతల్లో తెలుగులోనూ కోయలోనూ రెండు ముక్కలు చెప్పించాలి: ఆ పన్నెండు మాటలు కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోండి, ఎవరికీ చెప్పకండి. మోసపోతే ఆలస్యం చేయక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తునికాకు కట్టలు లెక్కపెట్టి సంపాదించిన రూపాయికి ఆ మాత్రం కాపలా ఉండాలి.