చిన్న విడిభాగం కోసం పెద్ద ప్రయాస

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ, విజయవాడలోని ఆటోనగర్ వంటి చోట్ల నడుస్తున్న చిన్న ఇంజనీరింగ్ యూనిట్ల కష్టాలు చెప్పుకునేటప్పుడు కరెంటు చార్జీలు, బ్యాంకు అప్పులు, పనివాళ్ల కొరత తప్పక ప్రస్తావనకు వస్తాయి గానీ, యంత్రానికి కావలసిన ఒక చిన్న భాగం రాణిగంజ్ దుకాణాల్లోనూ ముంబై డీలర్ల దగ్గరా దొరకనప్పుడు దాన్ని విదేశం నుంచి తెప్పించుకోవడంలో ఎదురయ్యే ఇబ్బంది మాత్రం విధాన చర్చల్లోకి దాదాపు రాదు. లక్షలు పోసి కొన్న యంత్రం కొన్ని వేల రూపాయల బేరింగ్ కోసమో, కొన్ని వందల రూపాయల బిగింపు ముక్క కోసమో వారాల తరబడి ఆగిపోతే, ఆ నష్టం ఏ గణాంకంలోనూ కనిపించదు. జాబ్ వర్క్ మీద బతికే యూనిట్‌కు మాత్రం అది నెల జీతాల సమస్య.

ఈ కొరతకు మూలం కొంతవరకు హైదరాబాద్ పారిశ్రామిక చరిత్రలోనే ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్, 1960లలో నగరంలో యూనిట్ పెట్టిన హెచ్‌ఎంటీ, జపాన్ సాంకేతిక సహకారంతో మౌలాలిలో ఏర్పడి తర్వాత హెచ్‌ఎంటీ బేరింగ్స్‌గా మారిన కర్మాగారం, ఇవన్నీ యంత్రాలనూ భాగాలనూ తయారు చేయడమే కాక, ఏ భాగం దేనికి సరిపోతుందో చెప్పగల తరాన్ని కూడా తయారు చేశాయి. హెచ్‌ఎంటీ బేరింగ్స్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. ఆ కర్మాగారం మూతపడినా ఈ సంస్థల నుంచి ఊరూరికీ వెళ్లిన లేత్‌లూ గ్రైండర్లూ ఇంకా షెడ్లలో తిరుగుతూనే ఉన్నాయి, వాటికి భాగాలు అందించవలసిన చోటు మాత్రం లేకుండా పోయింది. ఆ ఖాళీని ఇప్పుడు తైవాన్, చైనా, జర్మనీ, జపాన్ సరఫరాదారులు ఎవరికి వీలైనంత వారు పూరిస్తున్నారు.

దూరదేశపు సరఫరాదారుతో వ్యవహారంలో మొదటి చిక్కు ధరలో కాదు, కావలసిన వస్తువును సరిగ్గా వర్ణించడంలో ఉంది. బోల్టు మీది మరనే తీసుకుంటే, బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతిలో మర గాడి కోణం 55 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి అంగీకరించిన యూనిఫైడ్ పద్ధతిలోనూ, మెట్రిక్ పద్ధతిలోనూ అది 60 డిగ్రీలు. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల వైపు మళ్లినా అంతకుముందు వచ్చిన బ్రిటిష్ యంత్రాలు అంగుళాల మరలతోనే మిగిలాయి. అర అంగుళం సైజులో విట్‌వర్త్ మరకు అంగుళానికి 12 చుట్లు, యూనిఫైడ్ ముతక మరకు 13 చుట్లు కాబట్టి నట్టు కొద్ది చుట్లకే పట్టేసి తేడా బయటపడుతుంది. 3/8 అంగుళంలో మాత్రం రెండింటికీ 16 చుట్లే ఉండడంతో నట్టు ఎక్కేస్తుంది, సరిపోయినట్టే కనిపిస్తుంది, కోణం తేడా వల్ల గాడి పక్కలు పూర్తిగా ఆనక కంపనానికి వదులవుతుంది. పిచ్ గేజ్ పెట్టి చూడకుండా పాత బోల్టు ఫొటో పంపి ఆర్డర్ ఇచ్చినవారికి ఈ తేడా సరుకు వచ్చాక కూడా వెంటనే తెలియదు.

కొత్త యంత్రాల్లో ఇదే చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రంలో కట్టింగ్ టూల్‌ను పట్టుకునే హోల్డర్ శంకువు ఆకారంలో ఉండి, వెనుక కొనకు బిగించిన పుల్ స్టడ్ అనే చిన్న ఉక్కు గుబ్బ ద్వారా యంత్రం స్పిండిల్‌లోకి లాగబడుతుంది. స్పిండిల్ లోపలి స్ప్రింగుల బలం మొత్తం ఆ గుబ్బ తల కింది అంచు మీదే పడుతుంది. జపాన్ పద్ధతి బీటీ40, అమెరికా పద్ధతి క్యాట్40 హోల్డర్ల శంకువు వాలు ఒకటే అయినా అంచు పట్టీ ఆకారం వేరు. బీటీ40లోనే పుల్ స్టడ్ తల కింది కోణం 45 డిగ్రీలతో ఒక రకం, 60 డిగ్రీలతో ఇంకో రకం ఉన్నాయి. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెడితే అనుభవం లేని కంటికి ఒకేలా కనిపిస్తాయి. తప్పు కోణం ఉన్నదాన్ని బిగిస్తే స్పిండిల్ పట్టు సన్నని గీత మీదే ఆనుతుంది, పట్టుబలం తగ్గి పనిలో అదురు మొదలవుతుంది, చివరకు నిమిషానికి వేల చుట్లు తిరిగే టూల్ ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇంత ముఖ్యమైన భాగాన్ని కొనేటప్పుడు బీటీ40 అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మామూలైపోయింది.

స్పిండిల్ బేరింగుల విషయమూ ఇంతే. 7014 అనే సంఖ్య 70 మిల్లీమీటర్ల లోపలి వ్యాసాన్నీ, 110 మిల్లీమీటర్ల బయటి వ్యాసాన్నీ సూచిస్తుందే గానీ, స్పర్శ కోణం 15 డిగ్రీలా 25 డిగ్రీలా, కచ్చితత్వం సాధారణమా లేక అంతకు మించిన పీ4 తరగతా, రెండింటిని జతగా అమర్చేందుకు ఫ్యాక్టరీలోనే సరిచూసిన సెట్టా కాదా అన్నది చెప్పదు. అవన్నీ సంఖ్య తర్వాత వచ్చే అక్షరాల్లో ఉంటాయి, ఆ అక్షరాలు కంపెనీకొక తీరున మారతాయి. పేరున్న కంపెనీల నకిలీ బేరింగులు ప్రపంచమంతటా చలామణీ అవుతున్న కాలంలో, తక్కువ ధరకు పీ4 దొరికిందంటే సంతోషించడం కంటే అనుమానించడమే మంచిది.

వస్తువు ఏదో తేలాక ఖర్చు లెక్క మొదలవుతుంది. వ్యాపారానికి దిగుమతి చేసుకోవాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐఈసీ సంఖ్య ఉండాలి. ఉదాహరణకు ఫ్యాక్టరీ ధర 10,000 రూపాయలు, విమాన రవాణా 3,000 రూపాయలు, ప్రాథమిక కస్టమ్స్ సుంకం 7.5 శాతం అనుకుందాం. సుంకం లెక్క కోసం విమాన రవాణా ఖర్చును వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపరు, బీమా వివరం లేకపోతే 1.125 శాతం చేరుస్తారు. అలా వచ్చిన సుమారు 12,112 రూపాయల మీద సుంకం 908, ఆ సుంకంలో పదో వంతుగా సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 91, ఈ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ 2,360 రూపాయలు పడతాయి. అంటే 10,000 రూపాయల భాగానికి చేతి నుంచి వెళ్లేది దాదాపు 16,360. ఐజీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందవచ్చు గానీ జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న తయారీదారుకు ఆ వెసులుబాటు లేదు. కొరియర్ సంస్థ సేవా రుసుము, బ్యాంకు విదేశీ చెల్లింపు చార్జీలు, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు దీనికి అదనం.

ఈ లెక్కను జాగ్రత్తగా చూస్తే పరిశ్రమ సంఘాలు తరచు చేసే సుంకం తగ్గింపు డిమాండు సమస్యలో ఎంత చిన్న భాగాన్ని తాకుతుందో తెలుస్తుంది. వెనక్కి రాని సుంకమూ సర్‌చార్జీ కలిపి వెయ్యి రూపాయలు. రవాణా దానికి మూడు రెట్లు. కొరియర్, బ్యాంకు, బ్రోకర్ చార్జీల్లో చాలావరకు ఒక ముక్క తెప్పించినా యాభై ముక్కలు తెప్పించినా పెద్దగా మారనివి. కాబట్టి చిన్న యూనిట్‌ను నలిపేస్తున్నది పన్ను రేటు కాదు, ఒంటరిగా కొనవలసి రావడం. తప్పు భాగం వస్తే ఈ భారం రెట్టింపవుతుంది: వాడని దిగుమతి సరుకును రెండేళ్లలోపు తిరిగి ఎగుమతి చేస్తే కస్టమ్స్ చట్టం 74వ సెక్షన్ కింద సుంకంలో 98 శాతం వాపసు పొందే హక్కు ఉన్నా, మూడు వేల రూపాయల వాపసు కోసం అన్ని కాగితాలు నడిపే యజమాని ఉండడు, ఆ భాగం అలమారాలో పడి ఉంటుంది.

నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల ప్రభావాన్ని కూడా ఈ కోణంలోనే చూడాలి. బోల్టులు, నట్లు, ఫాస్టెనర్లకు 2023లో ఇలాంటి ఉత్తర్వు వెలువడింది, అమలు గడువులు మారుతూ వచ్చాయి. నాసిరకం సరుకును ఆపాలన్న ఉద్దేశం సరైనదే. అయితే ఇలాంటి ఉత్తర్వుల కింద విదేశీ తయారీదారు భారతీయ ప్రమాణాల సంస్థ లైసెన్సు తీసుకుని, తన ఫ్యాక్టరీని తనిఖీకి తెరవాలి; భారత్‌కు ఏడాదికి ఒక డబ్బా విట్‌వర్త్ బోల్టులు అమ్మే ఇంగ్లండ్ చిన్న వ్యాపారి ఆ ఖర్చు పెట్టడు. అరుదైన, తక్కువ పరిమాణపు విడిభాగాలకు స్పష్టమైన మినహాయింపు లేకుండా ఇటువంటి ఉత్తర్వులు రాయడం అన్యాయం.

సరఫరా మరీ కొద్ది చేతుల్లో చిక్కుకోవడం ఇంకో ప్రమాదం. కట్టింగ్ టూల్ కొనలుగా వాడే కార్బైడ్ ఇన్సర్టులకు ఆధారమైన టంగ్‌స్టన్ ప్రపంచ ఉత్పత్తిలో సింహభాగం చైనాది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టంగ్‌స్టన్ ఉత్పత్తులపైనా, ఏప్రిల్‌లో సర్వో మోటార్లలో వాడే కొన్ని అరుదైన మృత్తికల అయస్కాంతాలపైనా ఎగుమతి నియంత్రణలు పెట్టింది. మన దేశంలో చూస్తే, రాజస్థాన్‌లోని దేగానా టంగ్‌స్టన్ గని ఏనాడో మూతపడింది.

చేయదగిన పని మాత్రం చేతికందే దూరంలోనే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతో 1968లో బాలానగర్‌లో ఏర్పడిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ, పారిశ్రామికవాడల నడుమనే ఉంది. యూనిట్ యజమాని అరిగిన భాగాన్ని తెస్తే కొలిచి, ప్రమాణం పేరుతో, కోణంతో, తరగతితో సరైన కొనుగోలు వివరం రాసి ఇచ్చే కౌంటరు అక్కడ తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ వివరాల ఆధారంగా పారిశ్రామికవాడ సంఘం ఒకే ఐఈసీ మీద నెలకోసారి ఉమ్మడి ఆర్డర్ పెడితే రవాణా, బ్రోకర్ ఖర్చులు పదిమందికి పంచబడతాయి, ఒక్క ముక్క అమ్మని జర్మన్, జపాన్ డీలర్లు కూడా మాట వింటారు. మళ్లీ మళ్లీ అడుగుతున్న భాగాలేవో ఆ ఆర్డర్ పుస్తకమే చెబుతుంది. పుల్ స్టడ్ వంటివాటిని సరైన ఉక్కుతో, సరైన హీట్ ట్రీట్‌మెంట్‌తో ఇక్కడే చేయగల షెడ్లు బాలానగర్‌లోనే ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలూ, పారిశ్రామికవాడల సంఘాలూ తదుపరి సుంకాల వినతిపత్రం రాసే ముందు ఈ కౌంటరునూ, ఈ ఉమ్మడి ఆర్డరునూ ఒక్క ఏడాది నడిపి చూడాలి.