కొత్త ఫోనా... కాస్త ఆగండి!

కొత్త ఫోను వస్తోందంటే చాలు, కొందరికి నిద్రపట్టదు. ముందే బుక్ చేసేస్తారు. ఇంకొందరు సమీక్షలు చూశాకే కొంటారు. అయితే సమీక్షలూ అన్నీ చెప్పలేవు. 2016 ఆగస్టులో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 విడుదలైనప్పుడు సమీక్షకులు ఆకాశానికెత్తేశారు. బ్యాటరీ లోపం మాత్రం కొన్నవాళ్ల చేతుల్లోనే బయటపడింది. కొన్ని ఫోన్లు కాలిపోవడంతో సెప్టెంబరులో కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. బదులుగా ఇచ్చినవీ అంటుకోవడంతో అక్టోబరులో తయారీనే ఆపేసింది.

తొందరపడితే ధరలోనూ నష్టమే. 2007 జూన్‌లో అమెరికాలో 599 డాలర్లకు వచ్చిన 8 జీబీ ఐఫోన్, సెప్టెంబరుకల్లా 399కి దిగింది.

అందుకే పాత ఫోను పనిచేస్తుంటే రెండు నెలలు ఆగండి. సమీక్షలు చదవండి, వాడుతున్నవాళ్లనీ అడగండి. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదు మరి!